పడుగు దాటిన కాలు

మా కుక్కకు పేరు లేదు. పేరు పెట్టి ముద్దు చేసే తీరిక మా ఇంట్లో ఎవరికీ లేదు. "తూ తూ" అంటే వచ్చేది, "హట్" అంటే పోయేది, కడుపు నిండి ఉంటే రెండింటికీ ఒకే తీరుగా తోక ఊపి ఉన్నచోటే పడుకునేది. మెట్‌పల్లిలో మేముండే సాలోళ్ల వాడలో ఇంటికో మగ్గం ఉండేది, వాడకు సరిపడా కుక్కలూ ఉండేవి. కానీ మగ్గం గుంతలో పడుకునే కుక్క మాదొక్కటే.

అది మా ఇంటికి వచ్చింది కూడా ఆ గుంతలోకే. మా గుంత మగ్గానికి నేలలో మోకాలి కన్నా లోతుగా గుంత తవ్వి ఉండేది. నేసే మనిషి గట్టు మీద కూర్చుని, కాళ్లు అందులోకి వదిలి, కింది కర్రలు తొక్కుతాడు. ఒక వానాకాలం పొద్దున బాపు అలా కాళ్లు వదిలేసరికి మెత్తగా ఏదో తగిలింది. పామనుకుని ఒక్క గంతులో వాకిట్లో పడ్డాడు. అవ్వ, అంటే మా అమ్మ, దీపం పట్టుకుని చూస్తే తడిసి ముద్దయిన తెల్ల కుక్కపిల్ల.

"తీసి అవుతల పారేయ్" అంది అవ్వ.

బాపు కూడా అదే అనుకున్నాడు. కానీ వాన తగ్గేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటే పని సాగదు కాబట్టి మళ్లీ గుంతలో కాళ్లు పెట్టాడు. పిల్ల ఆయన పాదాల మీదికి ఎక్కి ముడుచుకుంది. గుంతలో ఎప్పుడూ చెమ్మ ఉండేది. చలికాలం వస్తే మా బాపు కాళ్లు పట్టుకుపోయేవి.

"ఏమే, వెచ్చగున్నదే ఇది" అన్నాడు.

ఆ ఒక్క మాట మీద అది మా ఇంట్లో ఉండిపోయింది. మావాళ్లు జాలితో పెంచారని నేను గొప్పలు చెప్పను. కాళ్లకు వెచ్చగా ఉందని పెంచారు. జాలి తర్వాత వచ్చింది, అదీ మెల్లగా.

పెంచడమంటే మాటలా? పడుగుకు పెట్టడానికి కాచిన గంజిలో మూతి పెట్టేది. అవ్వ కుండ మీద రాయి పెడితే రాయిని దొర్లించేది. ఎండాకాలం చెవుల నిండా పిడుదులు. అవ్వ దాన్ని ఒళ్లో వేసుకుని, ఒక్కొక్కటే పీకి గాసునూనె చిప్పలో వేస్తూ, ఆ చేసినంతసేపూ దాన్ని కన్నదాన్ని, కన్నదాన్ని కన్నదాన్ని తిట్టేది. బాపు అంగడికి పోతే వెంట పోయి, దారిలో ప్రతి వాడ కుక్కతోనూ కయ్యం పెట్టుకుని, చెవి చింపుకుని వచ్చేది. దాని వెంట్రుకలు నూలులో పడేవి. ఒకసారి అంగట్లో ధోతి మడత విప్పి చూసిన ఆసామి తెల్ల వెంట్రుక ఒకటి నేతలో నుంచి లాగి బాపు ముందు పెట్టాడు. "నాదే, తల నెరుస్తున్నది" అన్నాడు బాపు. అప్పటికి బాపు తలలో ఒక్క వెంట్రుక నెరవలేదు. ఆసామి బాపు తల వైపు చూసి, నవ్వి, ధోతి తీసుకుపోయాడు.

అది చేసిన మేలు కూడా చెప్పాలి, లేకపోతే నాకే పాపం. ఆ మేలు ముందు నాకే జరిగింది.

నేయబోయే నిలువు పోగుల కట్టను పడుగు అంటారు. నేతకు ముందు దాన్ని వీధి పొడవునా చాపి, రెండు వైపులా గుంజలకు బిగించి, గంజి రాసి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఆ పని తెల్లవారేసరికి మొదలుపెడితే ఎండ ముదిరేలోపు అయిపోవాలి. చాపిన పడుగును ఎవరూ దాటకూడదు. దూడ దాటితే పోగులు తెగుతాయి. మనిషి దాటితే పోగులు తెగినా తెగకపోయినా అపశకునం. పెళ్లికొడుకైనా సరే, అవతలి ఇంటికి పోవాలంటే పడుగు కొస దాకా నడిచి చుట్టూ తిరిగి పోవాల్సిందే. మేకలు, పందులు, కోళ్లు రాకుండా పడుగు దగ్గర కట్టె పట్టుకుని కూర్చోవడం మా ఇంట్లో నా పని. పదేళ్లు నిండినప్పటి నుంచి పొద్దుటి నిద్ర ఎరగను.

కుక్క పెద్దదయ్యాక నా పక్కన వచ్చి కూర్చునేది. నేను "హే" అని మేక మీదికి కట్టె ఎత్తితే అది ఉరికి మేకను తరిమేది. కొన్నాళ్లకు నేను కట్టె ఎత్తకముందే తరిమేది. బాపు అది గమనించి, పడుగు నడుమ దాన్ని కూర్చోబెట్టి, ఎవరైనా దగ్గరకొస్తే "ఊఁ" అనేవాడు. అది అంతే నేర్చుకుంది. మేకైనా, పందైనా, కోడైనా పడుగు మీదికి రావద్దు. నేను ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని. ఆ కుక్క మీద నాకున్న ప్రేమకు మొదటి కారణం ఆ నిద్ర.

మా పక్కిల్లు రంగులాయనది. వాడ మొత్తానికి నూలు రంగులద్దేది ఆయనే. ముసల్మానులు. నేను చిచ్చా అనేదాన్ని, ఆయన భార్యను చాచీ అనేదాన్ని. ఆయన మాలాగే తెలుగు మాట్లాడేవాడు. కోపం వస్తే మాత్రం ఉర్దూలోకి దిగేవాడు. మా కుక్క వల్ల ఆయన తరచుగా ఉర్దూలోకి దిగాల్సి వచ్చేది. అది బట్టలకు తగిలితే మళ్లీ కడుక్కుంటే గాని నమాజుకు పనికిరాడు. పైగా అది ఒకసారి వెదురు మీద ఆరేసిన ఎర్ర నూలు చిలపను నోట కరుచుకుని వీధంతా ఈడ్చింది. నూలూ పాడైంది, తెల్ల కుక్క సగం ఎర్రబడింది. చిచ్చా మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, నీ కుక్కనన్న కట్టేయ్, లేకుంటె నన్నన్న కట్టేయ్" అన్నాడు.

అయినా మంచి మనిషి. కోపం గడప దాటి ఇంటికి పోయేలోపే చల్లారేది.

ఆయనకు ఒకే ఒక దిగులు. ఇద్దరు పిల్లలు పుట్టి, పుట్టిన పూటే పోయారు. హైదరాబాద్ రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన ఏడాది చాచీకి మళ్లీ నెలలు నిండాయి. కాన్పుకు పుట్టింటికి పోవాలి, కానీ బస్సెక్కొద్దని మంత్రసాని చెప్పడంతో ఆదిలాబాద్ నుంచి తల్లే దిగివచ్చింది. చిచ్చా రంగుల కుండల దగ్గర కూర్చున్నా చెవులు ఇంటి లోపలే ఉండేవి. మంత్రసాని ఇల్లు వీధికి అవతల, సరిగ్గా ఎదురుగా.

దసరా పోయి చలి మొదలైన రోజులు. పొద్దున్నే మా పడుగు వీధిలో చాపి ఉంది. బాపు, ఇద్దరు వాడవాళ్లు కుంచెలు పట్టుకుని ఒక కొస నుంచి దువ్వుకొస్తున్నారు. కుక్క నడుమ కూర్చుంది. నేను ఆ రోజు లేచే ఉన్నాను, వాకిట్లో పళ్లు తోముతున్నాను. చిచ్చా ఇంట్లో చాచీ గట్టిగా అరిచింది. ఆ వెంటనే చిచ్చా తలుపు తోసుకుని బయటికొచ్చి, మంత్రసాని ఇంటి వైపు నేరుగా ఉరికాడు. కొస దాకా పోయి తిరిగిరావాలని ఆయనకు తోచలేదు. పడుగు మీది నుంచి దూకాడు. ఒక కాలు అవతల పడింది, రెండో కాలు పడలేదు. కుక్క పిక్క పట్టింది.

చెప్పినంత పని చేసింది అది. మేకకూ చిచ్చాకూ తేడా దానికి ఎవరూ నేర్పలేదు.

బాపు పరిగెత్తి దాని మెడ పట్టి లాగేసరికి పిక్క మీద నాలుగు పళ్ల గాట్లు, నెత్తురు. జనం పోగయ్యారు. ఎవరో మంత్రసానిని పిలుచుకొచ్చారు. ఆమె లోపలికి పోయి చూసి, అవి కాన్పు నొప్పులు కావని, ఇంకా టైముందని చెప్పింది. ఇంత జరిగింది ఉత్త నొప్పులకని తెలిసి చిచ్చా నేల మీద కూలబడ్డాడు. అప్పటికే వాడ పిలగాళ్లు కట్టెలు తెచ్చారు. మనిషిని కరిచిన కుక్కను ఉంచరు, అది మా దగ్గర అందరికీ తెలిసిన న్యాయం.

"అది ఊకెనె కరిచిందా? చిచ్చా పడుగెందుకు దాటిండు?" అని అరిచాను నేను.

అవ్వ నా చెంప ఛెళ్లుమనిపించింది. నెత్తురు కారుతున్న కాలు పట్టుకుని చిచ్చానే అన్నాడు, "పోరిని కొట్టకు వదినె. నిజమే గద. దాటింది నేనే."

అవ్వ గాటు మీద కారం, నూనె పెట్టింది. కుక్క కాటుకు మా ఇళ్లలో తెలిసిన మందు అదే. అందరి మనసులోనూ ఉన్నది ఒకటే సంగతి. ఆ ఎండాకాలమే కోరుట్ల దారిలోని ఊళ్లో ఒక గొర్లకాపరి కుక్క కాటును లెక్కచేయక, చివరికి నీళ్ల చెంబు చూస్తే కేకలు పెట్టి పోయాడు. ఆ చావును చూసొచ్చినవాళ్లు మా వాడలో ఉన్నారు. బాపు చిచ్చాను బండి మీద సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. కుక్కను మా మగ్గం గుంజకు గొలుసుతో కట్టేశారు. కట్టెలు పట్టుకున్న పిలగాళ్లు మా వాకిట్లోనే కూర్చున్నారు. నేను తలుపుకు అడ్డంగా కూర్చున్నాను.

డాక్టరు అవ్వ పెట్టిన కారమంతా సబ్బుతో కడిగించాడట. చిచ్చా అరుపులు రోడ్డు దాకా వినబడ్డాయని బాపు చెప్పాడు. వాకిట్లో దిగగానే బాపు పిలగాళ్లతో అన్న మాట ఇది:

"కట్టెలు అవుతల పెట్టున్రి. కుక్కను సంపొద్దట."

డాక్టరు చెప్పింది ఇదీ. కుక్కను పది రోజులు కదలనివ్వకుండా కళ్ల ముందు ఉంచుకోవాలి. ఆ పది రోజులూ అది మంచిగా ఉంటే దానికి పిచ్చి లేనట్టు, చిచ్చాకు భయం లేనట్టు. దానికి పిచ్చి లక్షణాలు కనిపించినా, చచ్చినా, తప్పిపోయినా వెంటనే కరీంనగర్ పెద్ద దవాఖానకు పోవాలి. అక్కడే ఉండి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకోవాలి. ఇప్పుడే పోతే ఇంకా మంచిదని కూడా అన్నాడట. "పెండ్లాం గిట్ల ఉండంగ ఇడిచిపెట్టి యాడికి పోవాలె సారూ" అని చిచ్చా ఒప్పుకోలేదు.

పిలగాళ్లు చేతిలోని కట్టెల వైపు చూసుకున్నారు. ఒకడు తనది గోడకు ఆనించాడు, తర్వాత అందరూ ఆనించారు. ఆ పూట నుంచి వాడంతా చంపమన్న కుక్కను వాడంతా కాపాడాల్సి వచ్చింది. నాకు లోపల్లోపల నవ్వొచ్చింది, చెంప ఇంకా మండుతున్నా.

చిచ్చా రోజూ పొద్దున్నే నమాజు చదువుకుని మా ఇంటికి కుంటుకుంటూ వచ్చేవాడు. గడప అవతల నిలబడి కుక్కను చూసేవాడు. "తిన్నదా? తాగిందా? మొరిగిందా?" ఈ మూడు ప్రశ్నలూ అయ్యాక బాపు బాగోగులు అడిగేవాడు. రెండో పొద్దుకు గడప లోపలికొచ్చాడు. ఆ తర్వాత మగ్గం గట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. కొత్తగా కట్టుకున్న మేనత్త కూతురిని కూడా ఎవరూ అంతలా చూసుకోరు. జొన్న గట్క తినే కుక్కకు పాలలో ముంచిన రొట్టె తెచ్చాడు, ఖీమా తెచ్చాడు.

"గిట్ల పెడితె రేపు మా గట్క ముట్టదు భాయ్" అని బాపు మొత్తుకున్నాడు.

"పది దినాలు మంచిగ తిననీ అన్నా. ఆ తర్వాత నువ్వు గట్కనే పెట్టు, దుమ్మే పెట్టు."

అన్నట్టే అది గట్క వాసన చూసి మొహం తిప్పుకోవడం మొదలుపెట్టింది. అవ్వకు ఒళ్లు మండిపోయింది. "నాకెవ్వరు తేలే గిట్ల పాలరొట్టె, పెండ్లయి ఇన్నేండ్లాయె" అంది బాపు వినేలా. బాపు పడుగులో అటూ ఇటూ నాడె విసురుతూ వినబడనట్టే ఉన్నాడు.

ఈలోగా, కుక్క కరిచిన మర్నాడే, చాచీకి నిజం నొప్పులు వచ్చాయి. మధ్యాహ్నం ఎండలో ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది, పాలు తాగింది, పొద్దుగూకింది, తెల్లారింది, పిల్ల బతికే ఉంది. చిచ్చా ఇంట్లో అంతకుముందు జరగనిది అదే. మా అవ్వ తన కాన్పు అయినంత సంబరపడి, అందరికీ బెల్లం పంచింది.

కానీ చిచ్చాను లోపలికి రానివ్వలేదు.

ఆయన అత్త గడపకు అడ్డంగా నిలబడింది. కుక్క కరిచిన మనిషి, పిచ్చి ఉన్నదో లేదో తేలేదాకా బాలింత దగ్గరికి రావద్దని, పసిగుడ్డు మీద ఊపిరి కూడా పడొద్దని ఆమె మాట. డాక్టరు అట్లా చెప్పలేదని చిచ్చా అన్నాడు. "డాక్టరుకు ఇద్దరు పిల్లలు పోయిన్రా?" అని ఆమె అడిగింది. ఆయన గడప మీది కాలు వెనక్కి తీసుకున్నాడు. నేనైతే ఆమెను ముసలి రాకాసి అనుకున్నాను. మా అవ్వను అడిగితే, "ఆమె జాగల నేనున్నా గంతే జేస్త" అంది. అప్పుడు అవ్వ మీదా కోపమొచ్చింది.

ముసల్మానుల ఇళ్లలో బిడ్డ పుట్టగానే తండ్రి చెవిలో అజాన్ చెప్తాడు. ఆ పిల్లకు మసీదు పెద్దమనిషి వచ్చి చెప్పాడు. చిచ్చా వాకిట్లో గోడ పక్కన నిలబడి, లోపలి నుంచి వచ్చే ఆ మెల్లని మాటలను తనూ పెదాలతో అంటున్నాడు. నేను మా పిట్టగోడ మీంచి చూశాను. మా కుక్క చేసిన పనికి మొదటిసారి నాకు దాని మీద కోపం వచ్చింది.

అప్పటి నుంచి ఆయన మా మగ్గం ఇంట్లోనే ఎక్కువసేపు ఉండేవాడు. ఒక పక్క గొలుసుతో కుక్క, ఒక పక్క మోకాళ్లు ముడుచుకుని ఆయన. ఇద్దరినీ ఊరు చూస్తూ ఉంది. నేను చిచ్చా ఇంట్లోకి పోవచ్చు, రావచ్చు, కాబట్టి కబుర్లు నావి.

"ఏం జేస్తున్నది బేటీ?"

"పండుకున్నది."

"కండ్లు దెరిచిందా?"

"దెరిచింది, మల్ల మూసింది."

"ఎవరి లెక్కున్నది?"

"ముక్కు నీదే చిచ్చా, పాపం" అన్నాను. ఆయన ముక్కు వీధి మలుపులోంచే కనబడేది. ఆయన తన ముక్కు తడుముకుని, కుక్క వైపు తిరిగి, "విన్నవా?" అన్నాడు. ఆయన కుక్కతో మాట్లాడటం నేను విన్నది అదే మొదలు.

పిల్లకు ఏడో రోజున వాళ్ల ఆచారం ప్రకారం పుట్టువెంట్రుకలు తీసి, మేకను కోసి, మాంసం వాడలో పంచారు. తండ్రి ఆ రోజు కూడా గడప బయటే. మా వాటాకు కూడా ఒక పాలు వచ్చింది. చిచ్చా తన పళ్లెంలో నుంచి ఏరి ఏరి బొక్కలు తెచ్చి కుక్క ముందు పెట్టాడు. "నీ పాలు నువ్వు తిను" అన్నాడు. అది పక్కటెముకలు పటపటా కొరుకుతుంటే చూసి తృప్తిగా ఇంటికి పోయాడు.

తెల్లారి నేను పాత కుండపెంకులో నీళ్లు పోయబోతే కుక్క లేవలేదు. దవడ వేలాడుతోంది. మూతి నుంచి జొల్లు తీగలా కారి నేల తడిసింది. నీళ్లు దగ్గరికి జరిపితే మూతి పెట్టింది, గొంతులోంచి ఎప్పుడూ వినని ఒక చప్పుడు చేసి వెనక్కి పోయి గోడకు ఒదిగింది. నా చేతిలోని చెంబు జారి పడింది.

ఆ చప్పుడుకు అవ్వ వచ్చింది. చూసి, నన్ను రెక్క పట్టి బయటికి ఈడ్చింది. ఇక చెప్పేదేముంది? వాడంతా మా వాకిట్లోనే. "నీళ్లను జూసి భయపడ్డది", "జొల్లు జూడు", "గొర్లాయన కుక్కకు గూడ గిట్లనే". గోడకు ఆనించిన కట్టెలు మళ్లీ చేతుల్లోకి వచ్చాయి. పిట్టగోడ అవతల చిచ్చా అత్త ఏడుపు మొదలైంది. ఆమె ఏడుపు విని చాచీ, చాచీని చూసి పిల్ల.

చిచ్చా వచ్చాడు. జనం తప్పుకుని దారి ఇచ్చారు. ఆయన తలుపు దగ్గర నిలబడి కుక్కను చూశాడు. మనిషి ముఖంలోంచి రంగు దిగిపోవడం నేను అప్పుడు చూశాను. ఎవరో, కరీంనగర్ బస్సు ఇంకా పోలేదని, ఇప్పుడే ఎక్కమని చెప్పారు. ఆయన తలూపాడు గానీ కదల్లేదు.

"ఒక్కసారి పిల్లను సూపియ్యమనుండ్రి. దూరంకెల్లి. ముట్టుకోను" అన్నాడు.

ఆ మాటకు మా బాపు నిలవలేకపోయాడు. మగ్గం గట్టు మీద కూర్చుని, కుక్కకు రెండు మూరల దూరంలో వంగి చూశాడు. అది ముందు కాలితో దవడను గీరుకుంటోంది. ఒకసారి, రెండుసార్లు. మళ్లీ.

"ఇదేదో ఇరికినట్టున్నది" అన్నాడు బాపు. "నిన్న బొక్కలు తిన్నది గద."

"ఇరికితె ఇరికింది. నోట్ల చెయ్యి పెట్టి సూసేదెవరు?" అన్నాడు కట్టె పట్టుకున్న ఒకాయన.

పిచ్చి కుక్క జొల్లు చేతి మీది చిన్న గీరులో పడినా చావేనని అందరికీ తెలుసు. బొక్క ఉందో లేదో తెలియదు. బాపు అంగీ చేయి పైకి మడిచాడు. అవ్వ ఉరికి వచ్చి ఆ చేయి పట్టుకుంది. జనంలో ఎన్నడూ బాపును ముట్టని మనిషి, రెండు చేతులతో పట్టుకుంది.

"నీకేమన్నయితె గీ మగ్గం నేను నేయాల్నా? గీ పోరిని నేను సాదాల్నా?" అని ఏడ్చింది. నేను ముందుకు పోబోతే ఇంకో చేత్తో నా జడ పట్టుకుంది. బాపు ఆగిపోయాడు. భయం వేసింది ఆయనకు, నాకు కనబడింది. ఆయన భయపడటం తప్పని నేను ఇప్పటికీ అనను.

"జరుగన్నా" అన్నాడు చిచ్చా.

"నువ్వు బస్సెక్కు భాయ్."

"నన్ను కరవనే కరిచింది గద. ఇంకోసారి కరిస్తె కొత్తగ అయ్యేదేంది?" అన్నాడు. "పిచ్చే ఉంటె నాకెట్లన్న సూదులే. నువ్వైతె జర దాన్ని పట్టు."

బాపు మెలివేసిన నూలు తాళ్లు రెండు తెచ్చాడు. కట్టె కొసతో ఒకటి పై దవడకు తగిలించి గుంజకు బిగించాడు, ఇంకొకటి కింది దవడకు తగిలించి, గోడకు కాలు తన్ని, దూరం నుంచే లాగి నోరు తెరిచి పట్టాడు. చిచ్చా కుక్క ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "బిస్మిల్లా" అన్నాడు. మణికట్టు దాకా చేయి లోపల పెట్టాడు.

కుక్క కళ్లు పైకి తేలాయి. వెనక కాళ్లతో నేలను తవ్వింది. చిచ్చా తల పక్కకు తిప్పుకుని, కుండలో జారిన నూలు కొస వెతికినట్టు వేళ్లతో వెతుకుతున్నాడు. "ఉన్నది" అన్నాడు. లాగితే రాలేదు. పై దవడ పళ్ల మధ్య అడ్డంగా బిగుసుకుని ఉంది. వేళ్లు ఇంకా లోపలికి పోనిచ్చి ఒక పక్కకు తిప్పి లాగాడు. కుక్క కెవ్వుమంది. బాపు చేతిలోని తాడు జారిపోయింది. చిచ్చా చేయి ఇంకా నోట్లోనే ఉంది, నోరు మూసుకుంటోంది.

అది కరవలేదు. చేయి బయటికొచ్చింది, చేతిలో వేలెడు పక్కటెముక ముక్క ఉంది.

కుక్క రెండుసార్లు దగ్గి, తల విదిలించి, లేచి, గొలుసు ఎంత సాగితే అంత సాగదీసుకుని నీళ్ల పెంకు దగ్గరికి పోయింది. తాగింది. వాకిట్లో అంతమందికీ అది లబలబా నాలుకతో నీళ్లు తాగుతున్న చప్పుడు వినబడింది. పెంకు ఖాళీ చేసి నా వైపు చూసింది. నేను మళ్లీ పోశాను, మళ్లీ తాగింది. చిచ్చా ఆ బొక్క పట్టుకుని నేల మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కట్టెలవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

తర్వాత ఆయన మట్టితో ఒకసారి, నీళ్లతో ఆరుసార్లు ఆ చేయి కడుక్కున్నాడు. నీళ్లు పోసింది నేను. ఆయన మతం చెప్పిన లెక్క అది. పక్కనే నిలబడి అవ్వ, వేళ్ల మీద పంటి గాటు ఉందేమో తిప్పి తిప్పి చూసింది. లేదు.

మిగిలిన రోజులు కుక్కకు గట్క తప్ప ఇంకేమీ పెట్టొద్దని అవ్వ హుకుం. చిచ్చా ఎదురు చెప్పలేదు, రోజూ మామూలుగానే వచ్చి కూర్చున్నాడు. బొక్క బయటపడ్డాక అత్త మనసు కొంచెం మెత్తబడింది గానీ, గడువు గడువే అంది. ఆయన కూడా గొడవపడలేదు. "ఇన్ని దినాలు ఆగిన, ఇంక జర ఆగలేనా" అన్నాడు బాపుతో. కానీ పిల్ల ఏడ్చినప్పుడల్లా మాట మధ్యలో ఆపేసి వినేవాడు.

గడువు తీరిన పొద్దున ఉతికిన బట్టలు వేసుకుని వచ్చాడు. కుక్క గట్క తింటోంది. ఆయన గట్టు మీద కూర్చుని, అది గిన్నె అడుగు నాకేదాకా చూశాడు.

"ఇగ పోవచ్చా అన్నా?"

"పో భాయ్, పో."

ఆయన వాకిట్లో మా నీళ్ల బాన దగ్గర ఆగి చేతులు మోచేతుల దాకా తోముకున్నాడు. నీలిరంగు గోళ్ల సందుల్లోంచి ఎంత తోమినా పోదు. "ఏమన్న గాని" అనుకుని అట్లాగే వెళ్లాడు. ఆయన ఇంటి తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. తర్వాత ఏమీ లేదు. బాపు నాడె పట్టుకుని విసరకుండా కూర్చున్నాడు. నేను పిట్టగోడ ఎక్కబోతే అవ్వ వద్దని చేయి అడ్డం పెట్టింది.

కాసేపటికి పిల్ల గట్టిగా ఏడ్చింది, కొత్త చేతుల్లోకి పోతే పిల్లలు ఏడుస్తారే, అట్లా.

"ఎత్తుకున్నడు" అంది అవ్వ.